నూతిలో మందు

మా సంఘానికి పెట్టిన పేరు మంచినీళ్ళ సంఘం. శ్రీకాకుళంలో ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. మర్యాదస్తులు నూతుల సంఘం అనేవారు, మిగతావాళ్ళు గోతుల సంఘం అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. మేము తవ్వించిన వాటిల్లో కొన్నింట్లో నీళ్ళు పడ్డాయి, కొన్నింట్లో మేకలు పడ్డాయి.

నేను దానికి కార్యదర్శిని. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పుకునే దాన్ని పట్టుకుని కార్యదర్శిని ఎందుకు చేశారయ్యా అంటే, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని చెప్పారు. అసలు సంగతి, మీటింగులో టీలు ఎవరు తెప్పించాలన్న చిక్కు దాంతో తీరిపోయింది. సభ్యులందరూ మగవాళ్ళు, అందరూ పెద్దమనుషులు, అందరి ఇళ్ళలోనూ నీళ్ళు ఇంకెవరో తోడి పెట్టేవారు. నిండు బిందె చంకనెత్తుకుంటే నడుం ఏమవుతుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ తెలివి ఏ మీటింగులోనూ పనికిరాలేదు.

అరవైల చివరి రోజులవి. సంఘం పెట్టింది ఒక ముసలి డాక్టరుగారు. వానలు పడగానే ఊళ్ళకి ఊళ్ళు వాంతులూ విరేచనాలతో మంచం పడుతుంటే, సూదులు వేసీ వేసీ ఆయన విసిగిపోయాడు. "ఈ పీడ ఆసుపత్రిలో పోయేది కాదు, నూతి దగ్గర పోవాలి" అని సంఘం మొదలుపెట్టాడు. నుయ్యి లేని ఊరికి నుయ్యి తవ్వించడం, ఉన్న నూతుల్లో బ్లీచింగు పొడి వేయించడం, ఇవే మా పనులు. ఆయనకి కోపం ముక్కు మీద ఉండేది. ఫలానా ఊరికి నుయ్యి అవసరమా కాదా అని సభ్యులు తర్జనభర్జన పడుతుంటే, అందరినీ జీపెక్కించి ఆ ఊరు తీసుకెళ్ళేవాడు. కొండల మీంచి దిగే వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఆ గెడ్డలో నీళ్ళు గ్లాసుతో ముంచి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి, "తాగండి, తాగాక మాట్లాడుకుందాం" అనేవాడు. తీర్మానం అక్కడికక్కడే ఏకగ్రీవంగా పాసయ్యేది. గ్లాసు మాత్రం ఎవరి పెదవికీ తగిలేది కాదు.

ఆయన చివరగా ఒప్పుకున్న నుయ్యి, పాలకొండ దాటాక కొండ మొదట్లో ఉన్న ఒక చిన్న ఊరిది. అక్కడి నుంచి ఒక అత్తా కోడలూ కొంత దూరం నడిచి, కొంత దూరం బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చారు. చోళ్ళూ గంటెలూ, అంటే రాగులూ సజ్జలూ, పండించుకునే రైతుల ఇల్లు వాళ్ళది. కోడలు కడుపుతో ఉంది. అత్తే మాట్లాడింది.

"మా కోడలికి ఇద్దరు పుట్టినారు బాబూ. ఇద్దరూ ఆ గెడ్డ నీల్లు తాగి, కక్కుకుని కక్కుకుని పోనారు. ఇది మూడోది. వానలకి పుడతాది. ఈలోగా మా ఊరికి నుయ్యి కావాల."

డాక్టరుగారు కోడలి వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

"నానేటంటాను బాబూ? ఇది బతకాల" అంది ఆ పిల్ల.

డాక్టరుగారు ఆ ఊరి పేరు అప్పటికప్పుడు నా చేత రాయించాడు. టీలు తెప్పించాలన్న సంగతి నాకూ గుర్తు రాలేదు, అడగాలని సభ్యులకీ గుర్తు రాలేదు.

చలికాలంలోనే పని మొదలైంది. నరసన్నపేట దగ్గర నుంచి ఒక మేస్త్రీని పెట్టాము. మనిషి మంచివాడు, పనిమంతుడు, నోరు మాత్రం అదుపులో ఉండేది కాదు. మట్టి బాగానే తెగింది. ఎండలు ముదిరేసరికి అడుగున రాయి తగిలింది. ఆ రాయి పగలగొడితే నీళ్ళు పడతాయని మేస్త్రీ అన్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఊరందరినీ కేకలేసిన మనిషి మంచం మీద నోరు కదలక, కళ్ళతో మాత్రం మమ్మల్ని కోప్పడుతూ ఉండిపోయాడు. ఆయన్ని చూసి వచ్చిన రోజు నేను బడి వెనక గదిలో కూర్చుని ఏడ్చాను.

మా సభ్యులు మాత్రం ఏడవలేదు. వాళ్ళకి తీరిక లేదు. కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. శ్రీకాకుళంలో ఒక ప్లీడరుగారు, రాజాంలో ఒక రైసుమిల్లు ఆసామి, ఇద్దరూ ఆ కుర్చీకి పోటీపడ్డారు. నీళ్ళ కోసం పుట్టిన సంఘంలో కుర్చీ కోసం ఈ పెద్దమనుషులు ఎగబడ్డ తీరు చూస్తే, ఎండాకాలం వీధి కుళాయి దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్ళు సిగ్గుతో తలొంచుకునేవారు. ప్లీడరుగారు సేవాభావం మీద గంటసేపు ఉపన్యాసం చెప్పాడు. మిల్లు ఆసామి ఏమీ మాట్లాడకుండా వేడివేడి గారెలు పంచిపెట్టించాడు. ఉపన్యాసం ఇంకా ముగియకుండానే గారెలు గెలిచాయి.

కొత్త ప్రెసిడెంటుగారు చేసిన మొదటి పని శిలాఫలకాలు చెక్కించడం. నూతులు ఇంకా తవ్వాలి గదండీ అంటే, "నుయ్యిదేముందమ్మా, ఎప్పుడైనా తవ్వుకోవచ్చు. చెక్కేవాడు ఇప్పుడు చేతిలో ఉన్నాడు" అన్నాడు. మా ఆఫీసు గదిలో ఆయన పేరు చెక్కిన రాళ్ళు గోడ పొడుగునా వరసగా నిలబడ్డాయి. తెలియక లోపలికొచ్చినవాళ్ళు ఎవరికో సమాధులు కట్టిస్తున్నారనుకున్నారు.

అప్పటికి కొండల మీద గొడవ ముదిరింది. భూముల దగ్గరా, షావుకార్ల అప్పుల దగ్గరా మొదలైన తగవు తుపాకుల దాకా వచ్చింది. పై జిల్లాల నుంచి పోలీసులు లారీల్లో దిగారు. దారి పొడుగునా తనిఖీలు, ఊరి చివర డేరాలు. సాయంత్రం దాటితే ఆ వైపు బస్సు లేదు. మా సభ్యులకి ఉన్నట్టుండి రోగాలన్నీ చుట్టుకున్నాయి. ఒకరికి మోకాళ్ళు పట్టేశాయి, ఇంకొకరి అత్తగారికి బాగాలేదు, వేరొకరికి జాతకంలో ఉత్తర దిక్కు ప్రయాణం కూడదు. పాలకొండ శ్రీకాకుళానికి ఉత్తరాన ఉందన్న సంగతి ఆయనకి అంతకుముందు పదేళ్ళూ తట్టలేదు పాపం.

ప్రెసిడెంటుగారు మీటింగు పెట్టి, "కొండ కింద భద్రత లేదు. సంఘం సొమ్ము భద్రంగా ఉన్నచోటే నుయ్యి ఉండాలి. రాజాంలో మా మిల్లు వెనక మంచి స్థలం ఉంది" అన్నాడు.

"మరి ఆ కోడలి సంగతి?" అన్నాను.

"రాజాం వచ్చి పట్టుకెళ్ళమను. మేమేం వద్దంటామా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ప్రెసిడెంటుగారూ, మీరొక్క బిందె చంకనెత్తుకుని మీ గేటు దాకా నడవండి. నడిచి రండి, మీ తీర్మానం గుండ్రటి అక్షరాలతో రాసి పెడతాను" అన్నాను. ప్లీడరుగారు పడీ పడీ నవ్వాడు. నా మీద అభిమానంతో కాదు, ఓడిపోయిన కడుపుమంటతో. ఏమైతేనేం, ఆ నవ్వుకి తీర్మానం వాయిదా పడింది.

వాయిదా అంటే పని సాగుతుందని కాదు. రాయి అలాగే ఉంది. కోడలికి నెలలు నిండుతున్నాయి. ఊరివాళ్ళు గెడ్డ నీళ్ళే తాగుతున్నారు. కనీసం కుండల్లో కలుపుకోవడానికైనా బ్లీచింగు పొడి ఇచ్చి రావాలని నేను పట్టుబట్టాను. ప్రెసిడెంటుగారు సరేనని, జీపుకి ముందూ వెనకా "ఇది నీళ్ళ జీపు. ఎవరి పక్షమూ కాదు" అని పెద్ద అక్షరాలతో రాయించాడు. అంత భద్రత చేసిన జీపు ఆయన మాత్రం ఎక్కలేదు. నేనూ, మేస్త్రీ, డ్రైవరూ బయల్దేరాము.

పాలకొండ దాటాక పోలీసులు ఆపారు. కానిస్టేబులు గుంటూరు వైపువాడు, మాట వినగానే తెలిసింది.

"ఏందయ్యా ఆ బస్తాల్లో?"

మేస్త్రీ నోరు నాకన్నా ముందు తెరుచుకుంది. "మందు బాబూ."

"ఏం మందు?"

"నూతిలో ఎయ్యాల."

"పేలుద్దా?"

"పేలదు బాబూ" అని మేస్త్రీ అతనికి ధైర్యం చెప్పబోయాడు. "సడీ సప్పుడూ ఉండదు. ఊరికే సంపేస్తాది."

"ఎవరిని?"

"నీల్లలో దాక్కున్నోటిని బాబూ. కంటికి కనపడవు. ఊరూరా ఉన్నాయి. ఇది పడితే ఒక్కటి మిగలదు."

కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేసి ఈల ఊదాడు. నేను గబగబా దిగి, "అయ్యో, అది బ్లీచింగు పౌడరు బాబూ" అన్నాను. పౌడరు అన్న మాట వినగానే మిగతావాళ్ళు కూడా తుపాకులు సర్దుకున్నారు. వాళ్ళ లెక్కలో పౌడరంటే ఒకటే పౌడరు.

మన భాషలో ఈ మందు అన్న మాట ఉంది చూశారూ, దాన్ని ఏ పుణ్యాత్ముడు పుట్టించాడో గానీ, జ్వరానికి మింగేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. ఎలుకలకి పెట్టేదీ మందే, దొంగచాటుగా తాగేదీ మందే. మొగుడు మాట వినకపోతే అన్నంలో కలిపి పెడతారని వీధి అరుగుల మీద చెప్పుకునేదీ మందే. ఇన్ని మందుల్లో మాది ఏదో తేలేదాకా మేస్త్రీని డేరాలో కూర్చోబెట్టారు. ఆడమనిషినని నన్నూ, జీపు నడపాలని డ్రైవరునీ వదిలేశారు. సంఘం పెద్ద వచ్చి పూచీ పడితేనే మేస్త్రీని వదులుతామన్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటుగారిని బతిమాలి, భయపెట్టి, చివరికి "పేపర్లో మీ పేరు వేరే రకంగా పడుతుంది" అని బెదిరించి తీసుకొచ్చాను. ఆయన డేరాలో అడుగుపెట్టగానే ఇనస్పెక్టరుకి వంగి దండం పెట్టి, "మా సంఘంలో మందు ముట్టినవాడు ఒక్కడూ లేడు సార్! నేనైతే పెళ్ళిళ్ళలో కూడా ముట్టను!" అన్నాడు. సారాకీ బ్లీచింగుకీ తేడా తెలియని అధ్యక్షుడు మంచినీళ్ళ సంఘానికి దొరకడం మా అదృష్టం. ఇనస్పెక్టరు ఆయన్ని కాసేపు చూసి, ఆ బస్తాలో పొడి చిటికెడు తీసి నిప్పుల్లో వేయించాడు. అది పేలలేదు. ఘాటుకి అందరికీ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మేస్త్రీ కేసు ఆ నీళ్ళతో కొట్టుకుపోయింది.

బయటికి రాగానే మేస్త్రీ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మొన్న కొండ మీదోల్లు దిగి అడిగినారు పంతులమ్మా, ఈ నుయ్యి ఎవుల కోసమని. తాగేవోల్ల కోసమని సెప్పినాను. ఇయ్యాల వీల్లూ అదే అడిగినారు. అదే సెప్పినాను. ఇద్దరూ నమ్మనేదు."

ఆ ఇనస్పెక్టరు చెడ్డవాడని చెప్పను. అతని మనుషులు కూడా గెడ్డ నీళ్ళు తాగి, తుపాకులు పక్కన పెట్టి చెంబులు పట్టుకుని పరుగెడుతున్నారు. నుయ్యి సంగతి వినగానే అతని ముఖం వికసించింది. "మా దగ్గర రాళ్ళు పేల్చే తూటాలున్నాయి. మీ రాయి మేం పేల్చిపెడతాం. మా క్యాంపుకి నీళ్ళు కావాలి" అన్నాడు. ప్రెసిడెంటుగారి ముఖం అంతకన్నా వికసించింది. నుయ్యికి నుయ్యి వస్తుంది, దానికి పోలీసు కాపలా వస్తుంది, ఫలకానికి భద్రత వస్తుంది. నాకు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. కానీ వానలు దగ్గర పడుతున్నాయి, కోడలి ముఖం కళ్ళముందు కదిలింది. నోరు మూసుకున్నాను.

ఇనస్పెక్టరు ఊరు చూడ్డానికి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ఒక ముసలి రైతుని పిలిచి, "ఇప్పుడు మీరు ఏ నీళ్ళు తాగుతున్నారు?" అని అడిగాడు. ముసలాయనకి చెవుడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటి?" అన్నాడు. అంటే ఏమిటి అని. మా ప్రాంతంలో పుట్టిన ప్రతివాడూ రోజూ వెయ్యిసార్లు అనే మాట అది. ఇనస్పెక్టరుదీ గుంటూరు వైపే. తల ఊపి, పక్కనున్న రైటరుతో, "రాసుకో, ఏటి నీళ్ళు" అన్నాడు. నేను సవరించబోయి ఆగిపోయాను. రాసింది తప్పే గానీ, నిజమూ అదే.

రాయి పేల్చారు. ఊరంతా చెవులు మూసుకుని గెడ్డ అవతల నిలబడింది. సాయంత్రానికి అడుగున నీళ్ళు ఊరాయి, మర్నాటికి మనిషి నడుం లోతుకి వచ్చాయి. కోడలు నిండు కడుపుతో వచ్చి, గట్టు పట్టుకుని లోపలికి తొంగిచూసి నవ్వింది. ఆ పిల్ల నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి. ఎంత సంతోషించానంటే, ప్రెసిడెంటుగారి శిలాఫలకం కూడా ఆ రోజు నాకు అందంగా కనిపించింది.

మర్నాటికి నూతి చుట్టూ డేరాలు వెలిశాయి. ముళ్ళకంచె వేశారు. ప్రారంభోత్సవం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు. సరే, ఉత్సవం కదా, ఓపిక పడదాం అనుకున్నాం.

ఉత్సవానికి మైకు తెచ్చారు, మామిడాకులు కట్టారు. మోకాళ్ళు పట్టేసిన సభ్యులందరికీ ఆ రోజు మోకాళ్ళు సాగాయి. రెండు లారీల పోలీసులుంటే ఉత్తర దిక్కు కూడా శుభంగానే ఉంది. ఊరివాళ్ళని కంచె అవతల కూర్చోబెట్టారు. మేస్త్రీ మొదటి చేద తోడాడు. ప్రెసిడెంటుగారు వెండి గ్లాసు నింపి ఇనస్పెక్టరు చేతికిచ్చి, మైకు అందుకున్నాడు. సంఘం చరిత్ర చెప్పాడు, అందులో డాక్టరుగారి పేరు మరిచిపోయాడు. తన త్యాగం గురించి చెప్పాడు. ఇనస్పెక్టరు గ్లాసు నోటి దగ్గర పెట్టుకునే సమయానికి ఉపన్యాసం ఉచ్చ స్థితికి వచ్చింది.

"ఈ నూతిలో మా చేతులతో మేమే స్వయంగా మందు పెట్టాం! నెల నెలా తప్పకుండా మందు పెడుతూనే ఉంటాం! ఆ ఫలితం ఏమిటో ఈ నీళ్ళు తాగినవాళ్ళకి త్వరలోనే తెలుస్తుంది!"

గ్లాసు ఆగిపోయింది. ఇనస్పెక్టరు నీళ్ళు వాసన చూశాడు. "ఏంది ఈ వాసన?"

"మందు వాసన సార్!" అన్నాడు మేస్త్రీ గర్వంగా.

నేను నుదురు కొట్టుకున్నాను. బ్లీచింగు సార్, ఆ రోజు నిప్పుల్లో వేశారు కదా, అదే సార్ అని ఎంత మొత్తుకున్నా ఇనస్పెక్టరు వినలేదు. బ్లీచింగు వాసన చాటున ఇంకేదైనా కలిపితే ఎవరికి తెలుస్తుంది? కొండ మీదవాళ్ళ మనుషులు ఊళ్ళో లేరని పూచీ ఎవరిది? మాటల్లో చూస్తే అదీ న్యాయమే అనిపిస్తుంది. అందుకే అలాంటి మాటలంటే నాకు భయం. అతను గ్లాసు కింద పెట్టించి, కంచె అవతలికి వేలు చూపించాడు.

"ముందు వాళ్ళు తాగాలి."

వరసలో ముందు కూర్చున్నది అత్త. ఆవిణ్ణి లోపలికి పిలిచారు. ఆవిడ ఆ వెండి గ్లాసు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "సల్లగా ఉన్నాయి" అంది. అరగంట ఆవిణ్ణి అలా నిలబెట్టి చూశారు. ఆవిడ పడిపోలేదు. అప్పుడు చప్పట్లు కొట్టి అందరూ తాగారు.

ఆ రోజు నుంచి అదే క్యాంపు నియమమైంది. నుయ్యి చుట్టూ కాపలా ఉంటుంది, ఊరివాళ్ళకి లోపలికి రావడానికి వీల్లేదు. పొద్దున్నే ఒక్క మనిషిని పిలిచి ఒక గ్లాసు తాగిస్తారు. ఆ మనిషి బతికుంటే పోలీసులు తోడుకుంటారు. మిగతా ఊరు మళ్ళీ గెడ్డకి పోతుంది. ఊరి కోసం తవ్విన నూతిలో ఊరికి దక్కింది విషం పరీక్ష ఒక్కటే. నేను ఇనస్పెక్టరుతో గట్టిగా పోట్లాడాను. పై అధికారుల దగ్గరికి పోతానన్నాను. "పొండి. మా వాళ్ళల్లో ఒక్కడు చస్తే జవాబు చెప్పాల్సింది నేను" అన్నాడు. ప్రెసిడెంటుగారి దగ్గరికి పోతే, "నీళ్ళు పడ్డాయా లేదా? ఫలకం పెట్టామా లేదా? సంఘం పని అయిపోయింది" అన్నాడు. ఆకాశంలో మబ్బులు కనిపిస్తే కోడలి నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని.

ఈ చిక్కు విప్పింది మేమెవ్వరమూ కాదు, ఆ అత్తే. నేను బ్లీచింగు పొట్లాలు పట్టుకుని వెళ్ళిన ఒక పొద్దున ఆవిడ కంచె దగ్గర నిలబడి కాపలా కానిస్టేబులుతో మాట్లాడుతోంది. మమ్మల్ని దారిలో ఆపిన గుంటూరు కానిస్టేబులే అతను.

"నానొక్కర్తినీ తాగితే నీకేటి తెలుస్తాది బాబూ? ముసలి ఒల్లు. సోడి అంబలి తాగి తాగి రాయైపోనాది. ఇందల ఏటి కలిపినా అరిగించేస్తాది. నాను బాగున్నానని నువ్వు తాగీసి సచ్చిపోతే, మీ అమ్మకి నానేటి సెప్పాల?"

కానిస్టేబులు ముఖం పాలిపోయింది. పోయి ఇనస్పెక్టరుకి చెప్పాడు. మర్నాటి నుంచి పడుచువాళ్ళు కూడా తాగి చూపించాలని హుకుం వచ్చింది. తర్వాత మగవాళ్ళ ఒంటికి వేరేగా పనిచేస్తుందేమోనని ఎవరో అన్నారు, మగవాళ్ళూ వరసలోకి వచ్చారు. కొన్ని మందులు వెంటనే ఎక్కవు, పొద్దుగూకాక ఎక్కుతాయని ఇంకొకావిడ అంది. అందుకని సాయంత్రం కూడా పరీక్ష పెట్టారు. చివరికి అత్త, "పచ్చి నీల్లలో తెలియని ఇసం అన్నం వండితే బయటపడతాది బాబూ, కూడు రంగు మారిపోతాది" అంది. దాంతో ఇంటికొక బిందె పట్టుకెళ్ళి వండి, రంగు మారిందో లేదో వచ్చి చెప్పాలని ఏర్పాటు జరిగింది. పొద్దున్నే ఊరు ఊరంతా బిందెలతో వరస కట్టేది. సాయంత్రం ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చి, ముఖం చాలా గంభీరంగా పెట్టి, "మారనేదు బాబూ" అని చెప్పి మళ్ళీ బిందె నింపుకుని పోయేవారు. నేను జీపు చాటుకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను.

ఈ సంగతి ప్రెసిడెంటుగారికి తెలిసింది. సర్వసభ్య సమావేశంలో లేచి, "మా నూతి నీటిని ప్రతిరోజూ ప్రజల సహకారంతో శాస్త్రీయంగా పరీక్షిస్తున్నాం" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. నేను కూడా కొట్టాను. ఆయన నోరు మూసుకుని ఉండడానికి అంతకన్నా చవకైన దారి నాకు కనిపించలేదు.

వానలు పడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ళలో మళ్ళీ వాంతులు మొదలయ్యాయన్న కబురు వచ్చింది. పై అధికారి ఎవరో క్యాంపు చూసి, ఈ బిందెల జాతర ఏమిటని కేకలేశాడట. పరీక్షకి మళ్ళీ ఒక్క మనిషి, ఒక్క గ్లాసు చాలన్నారు. కంచెకి తాళం పడింది. కోడలు ప్రసవించిందని కూడా ఆ కబురుతోనే తెలిసింది. బడికి సెలవు పెట్టి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి కోడలు కంచె దగ్గర నిలబడి ఉంది. పురిటి మంచం మీంచి లేచి ఇంకా తేరుకోని మనిషి. చంకన ఖాళీ బిందె, భుజాన పాత చీరలో చుట్టిన పసిపిల్ల. లోపల ఆ గుంటూరు కానిస్టేబులే తుపాకితో ఉన్నాడు.

"తాళం తియ్యి బాబూ. పరీక్షకి వచ్చినాను" అంది.

"పొద్దున్నే అయిపోయిందమ్మా. మీ అత్త తాగి ఇంటికెళ్ళింది."

"నాకు కాదు. దీనికి" అని చీర తొలగించి పిల్ల ముఖం చూపించింది.

కానిస్టేబులు చిరాకుపడ్డాడు. "పసిదానికేం పరీక్షమ్మా? దానికేం తెలుస్తది?"

"దీనికే ముందు తెలుస్తాది బాబూ. పెద్దోల్లకి ఎప్పుటికో గానీ తెలవదు. ఆ గెడ్డ నీల్లు ఎలాటియో మాకెవులికీ తెలవనేదు. దీని ముందు ఇద్దరు పుట్టినారు నాకు. ఆలిద్దరూ తాగి సెప్పినారు."

ఆ మాట ఏ ఏడుపూ లేకుండా, ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పింది. కానిస్టేబులు ఆమె ముఖం చూశాడు, పిల్ల ముఖం చూశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. తర్వాత తాళం తీసి, తుపాకి నూతి గట్టుకి ఆనించి, చేద తానే వేశాడు. బిందె నిండాక దాన్ని ఎత్తి ఆమె చంకన పెట్టబోయి, పచ్చి బాలింత అని గుర్తొచ్చి, తన భుజానికే ఎత్తుకున్నాడు.

"ఇల్లెక్కడమ్మా?" అన్నాడు.